మా కప్పల్ని చెరువులో వదల్లేదు

మా ఇంట్లో రెండు కప్పలున్నాయని చెప్తే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు, ఆ తర్వాత సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుంటారు. భయపడకండి. ఇవి వానాకాలంలో గడప దాటి వచ్చి మూల మూలలా గెంతే కప్పలు కావు. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా నీళ్లలోనే ఉండే ఆఫ్రికా కప్పలు. నేల మీద వదిలితే సరిగా గెంతడం కూడా రాదు, పాకుతాయి. ఒకదాని పేరు బెల్లం, రెండోదాని పేరు కోవా. రంగుల్ని బట్టి మా వాడు పెట్టిన పేర్లు. వాడప్పుడు అయిదో తరగతి. ఇప్పుడు వాడు ఇంటర్‌కి హైదరాబాద్ హాస్టల్లో ఉన్నాడు. కప్పలు నా దగ్గరున్నాయి.

ఈ మాట చదవగానే మీలో సగం మందికి మిగతా కథంతా అర్థమైపోయి ఉంటుంది. పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న కుక్కపిల్లా, లవ్ బర్డ్సూ, చేపలూ ఆఖరికి ఎవరి చేతికి వస్తాయో మనకు తెలియనిదా! అయినా చెప్తాను. ఈ జూన్‌లో మేం జనగామ నుంచి భూపాలపల్లికి ఇల్లు మారినప్పుడు ఈ రెండు కప్పల గురించి మా ఇంట్లో జరిగినంత చర్చ మా పెళ్లప్పుడు కూడా జరగలేదు.

ముందు అవి వచ్చిన వైనం. మరిది పెళ్లి బట్టలకని హనుమకొండ వెళ్లాం. చీరల దుకాణంలో మేం కూర్చుంటే మా వాడు విసిగిపోయి నాన్నను లాక్కుని పక్కనే ఉన్న అక్వేరియం షాపుకి పోయాడు. రెండు గంటల తర్వాత చూస్తే చేతిలో నీళ్ల కవరు, అందులో బొటనవేలి గోరంత కప్పలు రెండు. ఒకటి గోధుమరంగు, ఒకటి తెల్లగా గులాబీ కళ్లతో. "ఇంతకన్నా పెరగవు మేడం, గప్పీలతో కలిపి వేసుకోవచ్చు" అన్నాడు షాపతను నాతో కూడా. మూడు నెలల్లో అవి నాలుగింతలయ్యాయి. తొట్టిలో ఉన్న తొమ్మిది గప్పీల్లో ఒక్కటీ మిగల్లేదు.

అతను చెప్పింది వేరే జాతి సంగతి. షాపుల్లో నీటి కప్పలు అనే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి మరుగుజ్జు కప్ప. అది నిజంగానే ఒకటిన్నర అంగుళం దాటదు, నాలుగైదేళ్లు బతుకుతుంది. రెండోది గోళ్ల కప్ప. ఇంగ్లీషులో కొందరు దీన్నే టోడ్ అని కూడా అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు జెనోపస్ లేవిస్. ఆడది అరచేయంత అవుతుంది. పదిహేనేళ్లు తేలిగ్గా బతుకుతుంది, ఇరవై దాటినవీ ఉన్నాయి. పిల్లలుగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలుసుకోవాలంటే ముందు కాళ్లు చూడండి. మరుగుజ్జు కప్పకు ముందు కాళ్ల వేళ్ల మధ్య కూడా తోలు ఉంటుంది, బాతు కాలిలా. గోళ్ల కప్పకు ముందు వేళ్లు విడివిడిగా, సన్నగా, మన చేతుల్లా ఉంటాయి. మీ పిల్లలు షాపులో మారాం చేస్తుంటే ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. నాలుగేళ్ల పనా, ఇరవై ఏళ్ల పనా అనేది ఆ ముందు కాళ్లే చెప్తాయి.

పోనీ అందంగా ఉంటాయా అంటే, బెల్లాన్ని మొదటిసారి చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. చపాతీ కర్రతో ఒత్తినట్టు చదునైన ఒళ్లు. నెత్తిమీద రెండు చిన్న కళ్లు, వాటికి రెప్పలు లేవు. వెనక కాళ్లకు మూడేసి వేళ్లకి నల్లటి గోళ్లు. ఒళ్లంతా పక్కల వెంట జాకెట్టుకి హెమ్మింగ్ చేసినట్టు తెల్లటి కుట్లు కనిపిస్తాయి. మొదట్లో దెబ్బలేమో అనుకుని కంగారుపడ్డాను. అవి దాని చెవులూ ముక్కూ లాంటివట. నీళ్లలో చిన్న కదలికను కూడా ఆ కుట్లతోనే కనిపెడుతుంది. నేను తొట్టి దగ్గరికి రాకముందే, మెత్తగా నడిచినా సరే, అది తిరిగి నావైపు చూడటంలోని రహస్యం ఇదే అనుకుంటాను.

నాలుక లేదు. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. మన కప్పల్లా నాలుక చాచి పురుగుని పట్టడం దీనికి చేతకాదు. అందుకని రెండు చేతులతో తిండిని నోట్లోకి కుక్కుకుంటుంది. వానపాము వేసినప్పుడు చూడాలి. బడికి ఆలస్యమైనప్పుడు మా వాడు ఇడ్లీ తిన్నట్టే ఉంటుంది.

కోవా మగది. బెల్లంలో సగం కూడా ఉండడు. వాడు పాడతాడు. నీళ్ల అడుగున, నోరు తెరవకుండా, గడియారం ముల్లు వేగంగా తిరిగినట్టు టకటకమని చప్పుడు. రాత్రి పదకొండు తర్వాత మొదలవుతుంది. జనగామలో పైవాటాలో ఉండే ఆంటీ ఒకసారి "మీ ఇంట్లో కుట్టు మిషన్ రాత్రిళ్లు నడుస్తుందా అమ్మా?" అని అడిగింది.

వీటి గురించి చదువుతూ పోతే ఒక చోట ఆగిపోయాను. ఆడవాళ్లకు ఈ కప్పతో ఉన్న సంబంధం నాకు ఎవరూ చెప్పలేదు. మీకూ ఎవరూ చెప్పి ఉండరు.

ఇప్పుడు మనకు నెల తప్పితే మెడికల్ షాపులో స్ట్రిప్ కొనుక్కుని అయిదు నిమిషాల్లో తెలుసుకుంటాం. ఆ స్ట్రిప్ లేని రోజుల్లో, 1930ల నుంచి 1960ల దాకా, చాలా దేశాల్లో ఆ పని చేసింది ఈ కప్పే. లాన్సెలాట్ హాగ్బెన్ అనే ఆయన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పనిచేస్తూ ఈ కప్పల మీద హార్మోన్ల ప్రయోగాలు చేశాడు. దాన్నుంచి వచ్చింది ఆ పరీక్ష. ఆడమనిషి మూత్రాన్ని ఆడకప్పకు సూదితో ఎక్కించేవాళ్లు. ఆమె కడుపుతో ఉంటే, ఆ మూత్రంలోని హెచ్‌సీజీ అనే హార్మోన్ వల్ల కప్ప ఒక పూటలోనో, రాత్రి గడిచేలోగానో గుడ్లు పెట్టేది. లేకపోతే లేదు. మన స్ట్రిప్ మీద రెండో గీత వచ్చేది కూడా ఆ హార్మోన్ వల్లే. అంతకు ముందు కుందేళ్ల మీద చేసేవాళ్లు, ఫలితం చూడాలంటే కుందేలుని కోయాల్సి వచ్చేది. కప్పకు ఆ బాధ లేదు. కొన్ని వారాల విశ్రాంతి ఇచ్చి మళ్లీ ఇంకో ఆమె కోసం వాడేవాళ్లు.

ఎంతమంది ఆడవాళ్లు ఎంత ఆశగానో, ఎంత భయంగానో ఒక కప్ప గుడ్లు పెడుతుందా లేదా అని తెల్లవార్లూ ఎదురుచూసి ఉంటారు! నాకు పెళ్లయ్యాక ఆరేళ్లకు మా వాడు పుట్టాడు. ప్రతి నెలా ఆ స్ట్రిప్ పట్టుకుని బాత్రూంలో నిలబడ్డ అయిదు నిమిషాలు నాకు తెలుసు. ఆ సంగతి చదివిన రోజు తొట్టి ముందు కాసేపు ఊరికే కూర్చున్నాను. బెల్లం అంటే నాకు అప్పటిదాకా మా వాడి కప్ప. ఆ తర్వాత కొంచెం నాది కూడా.

సరే, పెంపకం మాటకొస్తాను. దీని గురించి అడిగేవాళ్లు ఎక్కువ.

కప్పను పెంచడమంటే నీళ్లను పెంచడమే. చేపకు పొలుసులుంటాయి, కప్పకు ఏమీ లేదు. వట్టి చర్మం. నీళ్లలో ఏది కలిస్తే అది ఒంట్లోకి పోతుంది. మనకు నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మన పిల్లలకు అది మంచిదే, కప్పకు కాదు. అందుకని నీళ్లు వెడల్పాటి బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచుతాను. తొందరుంటే అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు. జనగామలో మా బోరు నీళ్లకి గిన్నెల మీద తెల్లటి పొర కట్టేది, అంత గట్టి నీళ్లు. దానివల్ల ఈ కప్పలకు ఇబ్బంది రాలేదు. అవి గట్టి నీళ్లను బాగానే ఓర్చుకుంటాయి.

ఆ బకెట్, మగ్గు, పైపు వేరు. వాటికి సబ్బు తగలకూడదు. తొట్టి ఉన్న గదిలో ఫినాయిల్ తుడవను, దోమల స్ప్రే కొట్టను. చేతులకు కొబ్బరినూనె, క్రీము ఉంటే లోపల చేయి పెట్టను. ఇది కప్ప కోసం. మన కోసం ఇంకోటుంది. కప్పల మీద సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు. తొట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాల్సిందే. తొట్టి సామాను వంటింటి సింకులో కడగకండి. అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో అయితే వాళ్లను ముట్టుకోనివ్వకపోవడమే మంచిది. మా ఆడపడుచు చిన్న కూతురు వస్తే తొట్టి ముందు కుర్చీ వేసి చూపిస్తాను. అంతవరకే.

అందరూ చేసే పని ఇంకోటి, నీళ్లు కొంచెం మసకగా కనిపించగానే తొట్టి మొత్తం ఖాళీ చేసి తోమేయడం. మన ఆడవాళ్లకు మురికి కనిపిస్తే చేతులు ఊరుకోవు. కానీ అక్కడ కంటికి కనిపించని సంసారం ఒకటి నడుస్తుంటుంది. కప్ప విసర్జించింది అమ్మోనియా అవుతుంది, అది విషం. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ కొంత ఫర్వాలేదు. కొత్త తొట్టిలో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన దగ్గర పాలు తోడుకోవడానికి పాత పెరుగు చుక్క కావాలి కదా, అలాంటిదే. మొత్తం కడిగేస్తే ఆ తోడు పోతుంది. నేను వారానికోసారి పావు వంతు నీళ్లే తీసి పావు వంతు పోస్తాను. స్పాంజిని నల్లా కింద కాకుండా, తీసిన ఆ పాత నీళ్లలోనే రెండుసార్లు పిండుతాను. ఆ మురికి నీళ్లు మందార, గన్నేరుకు పోస్తే పూలు విరగ పూస్తాయి. కొత్తిమీర, పుదీనా కుండీలకు మాత్రం పొయ్యను.

మా తొట్టి దాదాపు 80 లీటర్లది, ఇద్దరికీ సరిపోతుంది. అడుగున రంగురాళ్లు వేయలేదు. తిండితో పాటు రాళ్లు కూడా మింగేస్తాయి, అవి పేగుల్లో అడ్డం పడతాయి. పగలు దాక్కోవడానికి పగిలిన మట్టికుండ సగం బోర్లించాను. వీటికి ఊపిరితిత్తులుంటాయి, పైకి వచ్చి గాలి పీల్చుకుని వెళ్తాయి. కాబట్టి నీళ్లు అంచుదాకా నింపకూడదు, పైన కొంత ఖాళీ ఉండాలి. దాని మీద చిల్లుల మూత, మూత మీద బరువు. మూత మీద బరువు లేని ఇంట్లో కప్ప తెల్లారేసరికి బీరువా కింద ఎండిపోయి దొరుకుతుంది. గాలి పీల్చుకుంటాయి కాబట్టి కరెంటు పోయినప్పుడు చేపలంత త్వరగా ప్రాణం మీదికి రాదు. అదొక్కటే మన ఊళ్లకి వీటితో ఉన్న సుఖం.

తిండి వారానికి మూడుసార్లు చాలు. నీళ్లలో మునిగే గుళికలు, మందు కొట్టని చోట తవ్విన వానపాములు, అప్పుడప్పుడు ఉప్పూ కారం తగలని రొయ్య ముక్క. కోడి కొవ్వు, మటన్ వద్దు. మిగిలింది పది నిమిషాల్లో తీసేయాలి. మా అత్తమ్మ మాత్రం "అంత పెద్ద నోరు పెట్టుకుని ఆకలి అనకుంటయా" అని చాటుగా రెండు గుళికలు ఎక్కువ వేసేది. అడుగుతాయి కూడా. ఎప్పుడు చూసినా ఆకలితో ఉన్నట్టే మొహం పెడతాయి.

ఇవన్నీ అలవాటైపోతాయి. అలవాటు కానిది మన ఎండ. ఈ కప్పలు దక్షిణాఫ్రికా చల్లటి నీళ్లవి. 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటాయి, 24 దాకా ఫర్వాలేదు. మే నెలలో జనగామలో బయట 43, 44. రెండేళ్ల కింద అలాంటి వారంలోనే కోవా తినడం మానేశాడు. రెండో రోజు చూస్తే తొడల లోపల, పొట్ట కింద ఎర్రగా. ఎర్రకాలు జబ్బు అంటారు. ఒంట్లోకి బ్యాక్టీరియా పాకితే వస్తుంది, వదిలేస్తే రోజుల్లో పోతాయి. పశువుల డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. "బర్లు, మేకలు, కోళ్లు చూసిన గానీ కప్పను ఎన్నడూ చూడలేదమ్మా" అన్నారు. అయినా నవ్వలేదు, పొమ్మనలేదు. ఎవరినో అడిగి గంటలో తిరిగి ఫోన్ చేసి "బరువెంతుందో చెప్పండి, మందు లెక్క కట్టాలి" అన్నారు. మూత ఉన్న డబ్బాలో పెట్టి తూచాను. డబ్బా పోను 42 గ్రాములు. గుప్పెడు కందిపప్పంత ప్రాణం. వేరే టబ్బులో పెట్టి రోజూ నీళ్లు మారుస్తూ ఆయన చెప్పిన మందు చెప్పినంతే వాడాను. తొమ్మిదో రోజు వానపాము ముక్కను చేతులతో కుక్కుకున్నాడు. ఆ సాయంత్రం మా వాడు ట్యూషన్ ఎగ్గొట్టి ఇంటికొచ్చేశాడు, నేనేమీ అనలేదు.

అప్పటి నుంచి వేసవి మొత్తం తొట్టి ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గోడ పక్కన ఉంటుంది. మూత తీసి వల కట్టి, నీళ్ల మీద నుంచి గాలి పోయేలా చిన్న ఫ్యాను. కుండలో నీళ్లు చల్లబడేది ఎలాగో ఇదీ అలాగే. ఆవిరయ్యే నీరు వేడిని పట్టుకుపోతుంది, మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. మరీ మండిపోయే రోజు ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన బాటిల్ ఒకటి తేలేస్తాను. ఐసు ముక్కలు నేరుగా వేయకూడదు, ఒక్కసారిగా చల్లబడితే అదీ దెబ్బే.

ఇక ఈ జూన్ సంగతి. మా ఆయన ఉద్యోగం భూపాలపల్లి దగ్గర చెల్పూరు విద్యుత్ కేంద్రంలో. మా వాడి పదో తరగతి అయ్యేదాకా నేనూ వాడూ అత్తమ్మా జనగామలోనే ఉన్నాం, ఆయన శనివారాలు వచ్చిపోయేవారు. మా అమ్మవాళ్లది మానుకోట, అదే మహబూబాబాద్. ఒకప్పుడు ఈ మూడూ వరంగల్ జిల్లానే. 2016లో మూడు జిల్లాలయ్యాయి గానీ మా చుట్టరికాలు ఆ మూడింటి మధ్యే తిరుగుతాయి. పరీక్షలయ్యాయి, వాడికి హైదరాబాద్‌లో సీటొచ్చింది, మేం క్వార్టర్‌కి మారదామని అనుకున్నాం. సామాను సర్దడం మొదలవగానే అందరి కళ్లూ తొట్టి మీద పడ్డాయి.

"చెరువుల ఇడిచిపెట్టు బిడ్డా, పున్నెం ఉంటది" అంది అమ్మ ఫోన్లో. అమ్మ చిన్నప్పుడు డోర్నకల్ దగ్గరి పల్లెలో వానలు రాకపోతే కప్పతల్లి ఆడేవాళ్లట. రోకలికి వేపాకులతో కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగి పాడుతుంటే అమ్మలక్కలు బిందెలతో నీళ్లు పోసేవాళ్లు. ఆట అయ్యాక కప్పను మళ్లీ కుంటలో వదిలేవాళ్లు. అమ్మకు కప్ప అంటే నీళ్లు, వదలడం అంటే దాని ఇంటికి దాన్ని పంపడం. "బయ్యారం చెరువంత పెద్ద చెరువు ఉండంగ ఆ గాజు పెట్టెల ఎందుకే దానికి జైలు?" అంది. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. మా ఆయన "జనగామ బతుకమ్మకుంట ఉంది కదా, రాత్రి పోయి వదిలేసొస్తా" అన్నారు.

మా వాడు ఏమీ అనలేదు. అదే నాకు కష్టమనిపించింది. హాస్టల్ పెట్టె సర్దుకుంటూ "నీ ఇష్టం అమ్మా" అన్నాడు, పెట్టెలోంచి తల ఎత్తకుండా.

వదిలితే ఏమవుతుందో నేను చదివాను. ఇవి ఆఫ్రికా దాటి ప్రపంచమంతా తిరిగిందే ఆ గర్భ పరీక్షల కోసం, ఆ తర్వాత ప్రయోగశాలల కోసం, చివరికి మనలాంటి ఇళ్ల కోసం. తప్పించుకున్నవీ, వదిలేసినవీ బ్రిటన్‌లోని వేల్స్‌లో, ఫ్రాన్స్‌లో, చిలీలో, అమెరికాలోని కాలిఫోర్నియాలో చెరువులు పట్టాయి. దొరికినదల్లా తింటాయి. చేపపిల్లలు, తోకకప్పలు, పురుగులు, ఆకలేస్తే తమ పిల్లల్నే. మన చెరువుల్లో ప్రభుత్వం ఏటా చేపపిల్లలు వదులుతుంది, వాటి మీద బతికే ముదిరాజ్‌లు, గంగపుత్రులు ఉన్నారు. అక్వేరియంలో అద్దం నాకుతుందని ముచ్చటపడి కొన్న సక్కర్ చేప చెరువుల్లో పడి దెయ్యం చేపై జాలర్ల వలలు చించుతోంది. దాన్ని మొదట వదిలినవాళ్లు కూడా పుణ్యమనే అనుకుని ఉంటారు.

ఇంకోటి కంటికి కనిపించనిది. కైట్రిడ్ అని కప్పల చర్మానికి పట్టే బూజు ఉంది. కప్ప చర్మంతోనే నీళ్లూ లవణాలూ తీసుకుంటుంది కాబట్టి చర్మం పోతే గుండె ఆగిపోతుంది. ఈ బూజు వల్ల ప్రపంచంలో 500కు పైగా ఉభయచర జాతులు తగ్గిపోయాయనీ, వాటిలో 90 పూర్తిగా కనుమరుగయ్యాయనీ 2019లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. మా బెల్లం జాతి వల్లే ఇది పాకిందని ఒకప్పుడు అనుకున్నారు. 2018లో వచ్చిన పరిశోధన దాని పుట్టుక తూర్పు ఆసియాలో అని చెప్పింది. పుట్టిల్లు ఎక్కడైనా కానీ, ఈ జాతి కప్ప ఆ బూజును మోస్తూ తాను మాత్రం జబ్బుపడకుండా తిరగగలదు. మా కప్పలకు అది ఉందో లేదో కంటితో చూసి ఎవరు చెప్పగలరు?

అమ్మకు ఇదంతా చెప్పలేను. మరుసటి ఆదివారం రైలెక్కి మానుకోట వెళ్లినప్పుడు వేరేలా చెప్పాను. "తొలకరి పడ్డ రాత్రి మన దొడ్డి వెనక గుంతలో బావురుకప్పలు ఎట్లుంటయి అమ్మా?" అంటే, అమ్మ మొహం వెలిగింది. "పసుపు రాసుకున్నట్టు ఉంటయి గదనే, పెండ్లిపిల్లగాండ్ల లెక్క" అంది. నిజమే. మామూలు రోజుల్లో మట్టిరంగులో ఉండే మగ బావురుకప్పలు ఆ నాలుగు రోజులు పచ్చగా పసుపు ముద్దల్లా మెరుస్తాయి. "నా కప్పను వదిలితే దాని జబ్బు వాటికి అంటొచ్చు. అప్పుడు కప్పతల్లికి కట్టడానికి కూడా కప్ప మిగలదు" అన్నాను. అమ్మ కాసేపు వత్తులు చేసుకుంటూ ఉండి, "అట్లయితే నువ్వే సాదుకో మరి. తెచ్చుకున్నంక తప్పుతదా" అంది. బయ్యారం చెరువు కాకతీయ గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించిందని శాసనం ఉంది. 800 ఏళ్లుగా ఒక ఆడబిడ్డ పేరు మోస్తున్న చెరువు. నా చేత్తో అందులో ఇంకోటి కలపడం నాకు ఇష్టం లేదు.

మా ఆయన వాదన వేరు. "ఈ ఎండలకు అవెక్కడ బతుకుతయ్, రెండ్రోజుల్లో పోతయ్" అన్నారు. పోతే ఆరేళ్లు సాకినదాన్ని చంపినట్టు. బతికితే ఇంతకన్నా పెద్ద తప్పు. రెండిట్లో ఏది మంచిదని మీరు వదులుతానంటున్నారు అని అడిగాను. ఆయన తొట్టి కొలత తీసుకోవడానికి టేపు వెతుక్కున్నారు.

ఎవరికైనా ఇద్దామని కూడా చూశాను. కొన్న షాపు మూసేసి రెండేళ్లయింది. బడిలో సైన్సు టీచరు ఆశపడింది గానీ, "సెలవుల్లో ఎవరు చూస్తారండీ" అని తనే వెనక్కి తగ్గింది. మంచిదే, సరిగ్గా ఆలోచించింది.

ప్రయాణం మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు. రెండు రోజుల ముందు నుంచి తిండి ఆపేశాను. ఒక్కోదానికి ఒక్కో మూత డబ్బా, మూతకు చిల్లులు, ఒళ్లు మునిగేంత తొట్టి నీళ్లే. నిండా పోస్తే కారు కుదుపులకు అటూ ఇటూ కొట్టుకుంటాయి. రెండు డబ్బాలూ థర్మాకోల్ పెట్టెలో, పక్కన గుడ్డలో చుట్టిన ఐసు బాటిల్. అన్నిటికన్నా ముఖ్యం ఫిల్టర్ స్పాంజి. దాన్ని ఎండనివ్వకుండా పాత నీళ్లు పోసిన వేరే డబ్బాలో వేసుకున్నాను. రెండు క్యాన్ల పాత నీళ్లు కూడా. తెల్లవారుజాము నాలుగింటికి బయల్దేరాం. స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట, పరకాల, రేగొండ. వెనక సీట్లో అత్తమ్మ ఒళ్లో దేవుడి పటాలు, నా ఒళ్లో కప్పలు. ఎండెక్కకముందే క్వార్టర్‌లో ఉన్నాం. పాలు పొంగించే ముందే తొట్టి పెట్టి నీళ్లు పోయాల్సి వచ్చింది. అత్తమ్మ ఏమంటుందోనని చూశాను. "గంగమ్మే గదా ముందు వచ్చింది" అని తనే సర్దేసింది. కొత్త ఊరి నీళ్లను రోజుకు కాస్త చొప్పున కలుపుతూ పదిహేను రోజులకు పూర్తిగా మార్చాను. ఇద్దరూ మూడో రోజునే తిన్నారు.

మొన్న ఒక లెక్క వేసుకున్నాను. బెల్లానికి ఇప్పుడు ఆరేళ్లు. ఇరవై బతికితే అప్పటికి మా వాడికి ముప్ఫై. ఉద్యోగం, పెళ్లి, ఓ బిడ్డ కూడా ఉండొచ్చు. నా మనవరాలిని తొట్టి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ముట్టుకోవద్దని నేను అంటూ ఉండొచ్చు.

వాడు హాస్టల్ నుంచి ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేస్తాడు. "తిన్నావా, నిద్ర పోతున్నావా" అని నేను అడిగే నాలుగు ప్రశ్నలకీ నాలుగు "ఆఁ"లు చెప్పి, "బెల్లాన్ని చూపించు" అంటాడు. ఫోన్ అద్దం దగ్గర పెడతాను. మొన్న కోవా ముందు చేతుల మీద నల్లటి మచ్చలు వచ్చాయి, జతకు సిద్ధమైనప్పుడు మగవాటికి అలా వస్తాయి. రాత్రి పాట మళ్లీ మొదలైంది. అది వాడికి వినిపించాలని శనివారం పదకొండుకి రికార్డు చేసి పంపాను. అర్ధరాత్రి దాటాక నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు గానీ, పొద్దున చూస్తే ఆ చప్పుడు వాడి వాట్సాప్ స్టేటస్‌లో ఉంది. కింద ఒకటే ముక్క రాసుకున్నాడు, "మా ఇల్లు" అని.